ఓవరాలింగ్ అయ్యాక

మా కాలనీలో ఏ పని తలపెట్టినా ముందు అడిగే మాట ఒకటే, ఓవరాలింగ్ ఎప్పుడని. థర్మల్ స్టేషన్‌లో ఒక్కో యూనిట్‌ను ఏడాదికోసారి నెల రోజులపాటు ఆపి, విప్పి, అరిగినవి మార్చి మళ్ళీ బిగిస్తారు. ఆ నెల మగవాళ్ళకు సెలవుండదు, ఆదివారం ఉండదు, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా కబురు గేటు దగ్గరే ఆగిపోతుంది. అందుకని పాల్వంచలో మా వాళ్ళు పెళ్ళిళ్ళు, ఇంటికి సున్నాలు, పుప్పిపన్ను పీకించుకోవడం, అన్నీ ‘ఓవరాలింగ్ అయ్యాక’ అనేవారు. నా బాప్తిస్మం కూడా అలాగే రెండు నెలలు వాయిదా పడింది. ఈ మాట మా నోళ్ళలో ఎంత మామూలుగా తిరిగేదో ముందే చెప్పకపోతే, తర్వాత జరిగింది చదివి మమ్మల్ని బుద్ధిలేనివాళ్ళనుకుంటారు. బుద్ధి ఉంది. అలవాటు అంతకన్నా ఎక్కువుంది.

నాన్న బాయిలర్ మెయింటెనెన్స్‌లో ఫోర్‌మన్. మాట గట్టిగా ఉండేది, చెవుల్లో ఎప్పుడూ మిషన్ల మోత ఉండేది కాబట్టి ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. సిగరెట్లు తెగ కాల్చేవాడు. పాస్టరుగారు ఎదురైతే పీకను చెప్పుకింద నలిపి, ఏమీ ఎరగనట్టు ‘వందనాలండీ’ అనేవాడు. పొగ మాత్రం ముక్కులోంచి వస్తూనే ఉండేది.

బాయిలర్ లోపల వేల గొట్టాలుంటాయట. వాటిల్లో ఒకదానికి చిన్న చిల్లు పడితే, కరెంటు అవసరం కాబట్టి ఇంజనీర్లు యూనిట్‌ను ఆపనిచ్చేవారు కాదు. ఓవరాలింగ్ దాకా నడిపిద్దామనేవారు. అలాంటి రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఒంటికాలి మీద లేచేవాడు.

“చిన్న బొక్కే గదా అంటరు. ఆ బొక్కల నుంచి వచ్చే ఆవిరి పక్క గొట్టాన్ని కోస్తది. అది దాని పక్కదాన్ని కోస్తది. ఇయ్యాల ఆపితే ఒక్క గొట్టంతోటి పోతది. ఆగినకొద్దీ పది మార్చాలె. చదువుకున్నోళ్ళకు గింత తెల్వదా?”

హైస్కూలు రోజుల నుంచి ఈ ప్రసంగం వింటూ పెరిగాను. నాకు వాక్యం వాక్యం వచ్చు.

ఆయనకు యాభై ఆరో ఏట కడుపులో నొప్పి వచ్చింది. కిడ్నీలో రాళ్ళేమోనని ఖమ్మంలో స్కానింగ్ తీయించాం. రాళ్ళు లేవు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం పొట్ట దగ్గర బుడగలా ఉబ్బిందన్నారు. అది పగిలితే మనిషి దక్కడని హైదరాబాదుకు పంపారు. అక్కడి సర్జన్ పొట్ట కోయలేదు. రెండు తొడల మొదట్లో చిన్న గాట్లు పెట్టి, గుడ్డ తొడిగిన సన్నటి తీగల గొట్టాన్ని లోపలికి పంపి, ఉబ్బిన చోట విప్పాడు. ఇక రక్తం ఆ గొట్టంలోంచి పోతుంది, ఉబ్బిన గోడ మీద ఒత్తిడి ఉండదు. నాన్న ఐదో రోజున ఇంటికొచ్చాడు. చూడటానికి వచ్చిన కాలనీవాళ్ళు అంత ఆపరేషనంటే ఎంత కోత ఉంటుందోనని ఆశపడి వచ్చారు.

“ఏది అన్నా, కోత చూపియ్యరాదే,” అన్నాడొకాయన.

“యాడ చూపియ్యాల్నో తెలిస్తే అడగవు. మీ చెల్లె ఇంట్లనే ఉన్నది,” అన్నాడు నాన్న. అందరూ పగలబడి నవ్వారు. అమ్మ లోపలి నుంచి విసుక్కుంది.

సర్జన్ పంపేటప్పుడు రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, ఈ గొట్టం వేసినవాళ్ళు బతికినంతకాలం ఏడాదికోసారి స్కానింగ్ చేయించుకోవాలి, ఎందుకంటే అది జారవచ్చు, దాని అంచుల దగ్గర రక్తం ఊరవచ్చు. రెండు, ఇది ఒక్కోసారి రక్తసంబంధీకుల్లో కూడా ఉంటుంది, అన్నదమ్ములకు పరీక్ష చేయించాలి. నాన్నకు ఒక్కడే తమ్ముడు, మా బాబాయి. అదే ప్లాంట్‌లో వెల్డరు. నాన్న ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పనిచేసి స్కానింగ్ తీయించాడు. ఆయనకూ అదే జబ్బు బయటపడింది. మరుసటేడు ఆయనకూ అదే సర్జన్ అలాంటి గొట్టమే వేశాడు. అన్న పుణ్యమా అని బతికానని బాబాయి చర్చిలో సాక్ష్యం చెప్పాడు.

మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. బూర్గంపాడు వైపు ఒక హైస్కూల్లో టీచర్‌ని, రోజూ పాల్వంచ నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. కాబట్టి నాన్న ఫైలు నా దగ్గర ఉండేది, ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళేదాన్ని. మొదటి ఏడు స్కానింగ్ బాగానే వచ్చింది. రెండో ఏడు బాగా రాలేదు.

గొట్టం పైఅంచు గోడను గట్టిగా పట్టుకోవడం లేదనీ, సందులోంచి రక్తం ఊరుతోందనీ, బుడగ మళ్ళీ పెరుగుతోందనీ సర్జన్ నాన్నకూ నాకూ కలిపే చెప్పాడు. “మూడు వారాల్లోపు వచ్చి చేరండి. ఆలస్యం మంచిది కాదు,” అన్నాడు. ఏం చేస్తారన్నది వచ్చాక చూద్దామన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో నాన్న కిటికీ పక్కన కూర్చుని వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. పది రోజుల్లో ఓవరాలింగ్. పదవీ విరమణకు ముందు అదే ఆయన ఆఖరిది. “ఈ ఒక్కటి అయిపోనియ్యి. అయినంక పోదం. చిన్న లీకే గదా,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నిజంగా. ఆయన నోటి నుంచి ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ‘ఇంజనీర్లను తిట్టే మనిషివి, నీకు నువ్వే ఇంజనీరువయ్యావా నాన్నా’ అందామని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదో కూడా చెప్పాలి. అవి పదో తరగతి పరీక్షల రోజులు. నాకు ఇన్విజిలేషన్ డ్యూటీ ఉంది, సెలవు కోసం హెడ్‌మాస్టర్ ముందు నిలబడి బతిమాలాలి. ఆయన ముఖం తలచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది. నాన్న తనంతట తానే వాయిదా వేస్తే నా పని తేలికైంది. ఆ క్షణంలో నాకు కలిగింది అచ్చంగా హాయే.

ఇంటికొచ్చాక డాక్టరేమన్నాడని అమ్మ అడిగింది. “ఓవరాలింగ్ అయినంక పోతున్నం,” అని నాన్న అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. అమ్మ ఇక ఏమీ అడగలేదు. ఆమెకు నా తలూపు డాక్టరు మాటతో సమానం.

ఆ ఏడు ఓవరాలింగ్ నెలతో అవలేదు. విప్పిన కొద్దీ పాడైన గొట్టాలు బయటపడి, ఇంకో మూడు వారాలు సాగింది. నాన్న రోజూ ముఖాన మసితో, నడుం పట్టుకుని వచ్చేవాడు. మెట్లెక్కి దిగి పట్టేసిందనేవాడు. అమ్మ వేణ్ణీళ్ళ కాపడం పెట్టేది. నేను పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటూ ఆయన మూలుగు వినేదాన్ని. ఆయన మూలుగుతున్నది నడుం గురించి కాదని నాకు లోపల్లోపల తెలుసు. ఇంకా వారం, ఇంకా నాలుగు రోజులు అనుకుంటూ ఉండేదాన్ని.

యూనిట్‌ను మళ్ళీ వెలిగించిన మూడో రోజు మధ్యాహ్నం ఆయన డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చేశాడు. పుట్టి బుద్ధెరిగాక నేను చూడనిది అది. వరండాలో నేల మీద పడుకుని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, “అంబులెన్స్ పిలువు బిడ్డా,” అన్నాడు. అరవకుండా, మెల్లగా అన్నాడు.

హైదరాబాదు చేరేదాకా బుడగ పగలలేదు. అదొక్కటే మా అదృష్టం. కానీ గొట్టం పూర్తిగా కిందికి జారిపోయింది. సర్జన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. పైన పట్టు దొరికే చోటు కూడా ఇప్పుడు వెడల్పయిపోయిందట. తొడ దగ్గర నుంచి ఏమీ చేయలేరు. పొట్ట తెరవాలి. కిడ్నీలకు పైన రక్తనాళాన్ని క్లాంపుతో మూసి, పాత గొట్టాన్ని ఊడదీసి, ఆ స్థానంలో కొత్త గుడ్డ గొట్టం కుట్టాలి. పాతదానికి గోడను పట్టుకునే కొక్కేలుంటాయి, రెండేళ్ళలో అవి గోడలోకి దిగిపోయి ఉంటాయి, తీయడం తేలిక కాదు. క్లాంపు ఉన్నంతసేపు కిడ్నీలకు రక్తం అందదు. ఆపైన సిగరెట్లు తిన్న ఊపిరితిత్తులు. ఇవన్నీ ఆయన ఓపికగా చెప్పాడు. అమ్మ వినలేక బయటికెళ్ళిపోయింది.

సంతకం పెట్టాక, నేను వరండాలో ఆయన వెంటపడి అడిగాను. “మీరు రమ్మన్నప్పుడే వచ్చుంటే?”

ఆయన నడుస్తూనే, “అప్పుడు తొడ దగ్గర నుంచే పైన ఇంకో చిన్న ముక్క వేసి బిగించేవాళ్ళం. చాలామటుకు దాంతో సరిపోయేది,” అన్నాడు. నా ముఖం చూసి ఆగాడు. “ఇప్పుడు ఆ ఆలోచన ఎందుకమ్మా,” అన్నాడు.

ఆ మనిషి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒక్క అబద్ధం ఆడితే ఆయన సొమ్మేం పోయేది?

ఆపరేషన్ మర్నాడు పొద్దున. ఆ సాయంత్రం నాన్న మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని బైబిలు తెరిచి పెట్టుకుంది, చదవడం లేదు. నాన్న ఇటు తిరిగాడు.

“ఒక్క మాట నిజం చెప్పు బిడ్డా. అప్పుడే వస్తే ఈ కోత తప్పేదా?”

ఆయన కళ్ళలో భయం కోత గురించి కాదు. అన్నీ తెలిసినవాడై ఉండి తన చావు తానే తెచ్చుకున్నానేమోనన్న భయం. ఆ భయంతో ఆయన థియేటర్‌లోకి వెళ్ళడం నేను చూడలేను. అది నిజం. ఆ నిజంలో నా వాటా కూడా ఉంది కాబట్టి దాన్ని నేను కూడా వినలేను. ఇదీ నిజమే.

“తప్పేది కాదు నాన్నా. అప్పుడొచ్చినా ఇదే కోతంట. డాక్టర్నడిగిన,” అన్నాను.

“అట్లనా,” అన్నాడు. ముఖం తేటపడింది. నేను పుట్టాక ఆయనకు ఇచ్చినవాటిల్లో అంత సంతోషంగా తీసుకున్నది ఇంకొకటి లేదు. “మరింకేంది. ఇన్నవానే, ఎప్పుడొచ్చినా ఇదేనంట,” అని అమ్మతో అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, “అయితే దేవుని చిత్తమే,” అంది. ఆ తర్వాత ఆమె వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. నాన్న నిద్రపోయాడు.

లోపలికి తీసుకెళ్ళినవాళ్ళు సాయంత్రానికి గానీ బయటికి రాలేదు. పాత గొట్టం వచ్చిందనీ, కొత్తది బాగా కుదురుకుందనీ, కాళ్ళలో నాడి ఆడుతోందనీ సర్జన్ చెప్పాడు. మేం, బాబాయి, అందరం ఏడ్చి, తర్వాత క్యాంటీన్‌లో ఇడ్లీలు తిన్నాం. రెండు రోజులు సంతోషంగానే ఉన్నాం. మూడో రోజు నుంచి నాన్నకు మూత్రం రావడం ఆగిపోయింది. డయాలిసిస్ పెట్టారు. తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టారు. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి మాట లేకుండా పడుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు బిగించేవాడు. ఆ పట్టు ఒక్కో రోజు కొంచెం తగ్గేది.

ఏడో రోజున నర్సు కట్టు మారుస్తుంటే కోత చూశాను. రొమ్ము కింద నుంచి పొత్తికడుపు దాకా ఉంది. కుట్లు ఆరి శుభ్రంగా, అంచులు చక్కగా అతుక్కుని ఉన్నాయి. “గాయం మంచిగ మానుతున్నది మేడం,” అంది ఆ పిల్ల నన్ను సంతోషపెట్టాలని. నేను బయటికొచ్చి గోడకు తలానించి ఏడ్చాను. సర్జన్ తన పనిలో ఏ లోపమూ చేయలేదు. మేమే ఆయన చేతికి ఆలస్యంగా ఇచ్చాం. తొమ్మిదో రోజు పొద్దున పదింటికి నాన్న చనిపోయాడు.

పాల్వంచ తీసుకొచ్చి మా సమాధుల తోటలో పెట్టాం. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే, మసి బట్టలతోనే వచ్చారు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఒకే మాట చెప్పేది. “ముందే పోయినా అదే కోతనంట. మా బిడ్డ డాక్టర్నడిగింది. మనం చేసిన తప్పేం లేదు, దేవుడు గంతే రాసిండు.” వచ్చినవాళ్ళు తలూపేవాళ్ళు. చెప్పిన ప్రతిసారీ ఆమె గొంతు కాస్త నిబ్బరపడేది. నేను టీలు తెచ్చే నెపంతో వంటింట్లోకి పోయేదాన్ని.

పదో రోజున ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. మా సంఘాల్లో ఇంట్లో మరణం జరిగితే అందరూ చేరి, పాటలు పాడి, వాక్యం చెప్పుకుని, పోయినవాళ్ళ గురించి ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతారు. అమ్మ లేచి మైకు పట్టుకుని అదే మాట చెప్పింది. ‘ఆమేన్’ అన్నారు అందరూ. ఆమె కూర్చున్నాక బాబాయి లేచాడు.

అన్న తనను ఎట్లా లాక్కెళ్ళి పరీక్ష చేయించాడో చెప్పి, ఏడ్చి, ముఖం తుడుచుకుని అన్నాడు. “నాకు గూడ ఈ ఏటి స్కానింగ్ పోయిన నెలల్నే ఉండె. అన్న దవాఖానాల ఉన్నడని పోలె. నాకు గూడ అన్న తీర్గనే అయితదని బుగులుబుగులయింది. వదిన చెప్పింది ఇన్నంక మనసు కుదుట పడ్డది. ముందు పోయినా ఎనక పోయినా అదే కోతయితే ఇంక ఉరుకుడేంది? రెండో యూనిట్ ఓవరాలింగ్ ఉన్నది, అది అయినంక నిమ్మళంగ పోత. అంతా ఆయన చేతుల్నే ఉన్నది.”

“ఆమేన్,” అన్నారు అందరూ.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. మైకు తీసుకోలేదు. “వద్దు బాబాయ్. రేపే పో,” అన్నాను. పాస్టరుగారు పాటల పుస్తకం తెరుస్తూ ఆగారు. “నేను అబద్ధం చెప్పిన. డాక్టరు గట్ల అన్లే. రమ్మన్నప్పుడే పోతే తొడ కాడి నుంచే అయిపోతుండె అన్నడు. నాన్న బాధపడతడని ఉల్టా చెప్పిన. మూడు వారాలల్ల రమ్మన్నడని నాకు తెలుసు. పరీక్షల డ్యూటీ ఉన్నదని నేను గూడ ఊకున్న.”

బాబాయి చేతిలో మైకు ఊరికే కీచుమంది. నేను అమ్మ వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. ఆమె ముఖం కోపంగా లేదు. చేతిలోది ఎవరో లాక్కుంటే ఇంకా అర్థంకాని మనిషిలా ఉంది.

“మీ నాయినకు గూడ చెప్పలేదా?” అంది.

“చెప్పలేదమ్మా.”

“ఆయన అదే నమ్మి పోయిండా?”

“అవ్.”

అమ్మ కొంగుతో నోరు తుడుచుకుని బాబాయి వైపు తిరిగింది. “రేపు రైలెక్కు తమ్మీ. డ్యూటీ గీటీ అన్నవంటే నేనూకోను,” అంది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. వచ్చినవాళ్ళు కుర్చీలు మడిచి పెట్టడంలో సాయం చేసి వెళ్ళారు.

ఆ తర్వాత అమ్మ నాతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. అన్నం పెట్టేది, నేను బస్సుకు బయలుదేరే వేళకు టిఫిన్ డబ్బా బల్ల మీద ఉండేది. తిట్టి ఉంటే బాగుండేది, నేను కూడా నాలుగు మాటలు అని ఏడ్చేదాన్ని. ఎవరైనా నాన్న గురించి ఎత్తితే ఇప్పుడు ఆమె ఏమీ చెప్పేది కాదు. దేవుని చిత్తం అన్న మాట ఆమె నోట మళ్ళీ వినలేదు. నేను ఆమె మొగుణ్ణే కాదు, ఆమె ఊరటను కూడా తీసేశాను. బాబాయి కోసం చేశానని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ మాట ఒక్కోసారి సరిపోయేది, ఒక్కోసారి సరిపోయేది కాదు.

బాబాయికి వెంటనే స్కానింగ్ తీశారు. ఆయనకూ పైఅంచు వదులైంది, సందులోంచి రక్తం ఊరుతోంది. పొట్ట కోయలేదు. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, పైన ఇంకో ముక్క వేసి బిగించారు. ఆయన ఇంటికొచ్చాడని తెలిసి అమ్మ చూడటానికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు, నాకూ వెళ్ళే ధైర్యం లేకపోయింది. వరండాలో కూర్చుని ఆమె కోసం ఎదురుచూశాను.

ఆమె చీకటి పడకముందే వచ్చింది. చెప్పులు విడిచి, నా పక్కనే గట్టు మీద కూర్చుంది. కాసేపు రోడ్డు మీద షిఫ్టు బస్సు దిగేవాళ్ళను చూసింది. తర్వాత, రెండు వారాల్లో మొదటిసారి, నాతో మాట్లాడింది.

“లేచి తిరుగుతున్నడు. నాలుగు దినాలల్ల ఇంటికి పంపిచ్చిన్రంట,” అంది.

నేను అవ్ అన్నాను. అమ్మ నాలుగు వేళ్ళు మడిచి ఒళ్ళో పెట్టుకుని, వాటి వంకే చూస్తూ, “నాలుగే దినాలంట,” అంది మళ్ళీ.